తొలి రక్తదానం

చీరాల చేరువలోని వాడరేవున కడలి హోరుకు వెరవని యువకుడు కూడ సూదిని చూచి జంకవచ్చు. కాని రక్తాన్ని ఏ కర్మాగారమూ సృష్టింపలేదు. ప్రసవవేళ రక్తస్రావమైన తల్లిని మరొకరి రక్తమే కాపాడాలి.

దాతకు 18 ఏండ్లు నిండాలి. ఇంటర్మీడియట్ విద్యార్థులలో పెక్కుమంది ఇంకను వేచియుండవలసినవారే! బరువు 45 కిలోలకు తగ్గరాదు. భోజనం చేసిన పిదపనే వెళ్లాలి. మొదట వేలికొనపై గుచ్చి హిమోగ్లోబిన్ పరీక్షిస్తారు. ఆపై మోచేతి మడతలోని సిరకు సూది ఎక్కిస్తారు, నొప్పి క్షణికం. సుమారు పది నిమిషాలలో 350 మిల్లీలీటర్లు సంచిలోకి చేరుతుంది. వెంటనే లేస్తే కొందరికి కండ్లు తిరుగుతాయి. కనుక పానీయం సేవించి విశ్రమించాలి. కోల్పోయిన ద్రవం ఒకటిరెండు రోజులలో తిరిగి చేరుతుంది. ఎర్రకణాలకు వారాలు పడుతుంది. అందుచేతనే మరల ఇచ్చుటకు పురుషులు 90, స్త్రీలు 120 రోజులు ఆగాలి. ఆనాటికి మాత్రం వల లాగే పనిని తోటివారికి వదలాలి.