ఇల్లంతా వైఫై... ఎలా?

హాల్లో టీవీ, తలా ఒక ఫోను, పిల్లల ల్యాప్‌టాప్‌లు, గేటు దగ్గర కెమెరా, వైఫై ఏసీ, పిలిస్తే వెలిగే బల్బులు... లెక్కపెడితే పాతిక దాటతాయి. వాటన్నిటికీ దిక్కు హాల్లో మూలనున్న ఒక్క రూటరే! అందుకే కింద సినిమా హాయిగా నడుస్తుంటే, మేడమీద పాఠం ఆగి ఆగి వినిపిస్తుంది. ఊరెళ్లినప్పుడు చూసుకుందామంటే గేటు కెమెరా పలకదు.

'ఇంకాస్త పెద్ద ప్లాను తీసుకుంటే సరి' అనుకుంటారు చాలామంది. డబ్బు కట్టేముందు ఫోనుతో రూటరు పక్కన ఒకసారి, మేడమీద ఒకసారి వేగం కొలిచి చూడాలి. రూటరు దగ్గరే తక్కువుంటే నెట్ ఇచ్చేవాళ్లని అడగాలి. కింద బాగుండి పైన పడిపోతుంటే లోపం ఇంట్లోనే. కాంక్రీటు స్లాబు, ఇనుప బీరువా, నిలువుటద్దం... అన్నీ సిగ్నల్‌కి అడ్డే. అలాంటి ఇళ్లకే మెష్ వైఫై.

రెండు మూడు చిన్న పెట్టెలు తలో చోటా ఉండి, ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో ఇల్లంతా సిగ్నల్ ఇవ్వడమే మెష్. 2016లో ఈరో, గూగుల్ వైఫై లాంటివి వచ్చాక ఇళ్లలో దీని వాడకం పెరిగింది.

కొనేటప్పుడు అందరూ చూసేది అట్టపెట్టె మీది వేగం అంకె. చూడాల్సింది పెట్టెలు ఒకదాంతో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయన్నది! వాటి మధ్య వైరు ఉంటే అంతకు మించింది లేదు. ఇల్లు కట్టుకునేవాళ్లు గోడలు పూయకముందే పైపుల్లో క్యాట్-6 వైరు లాగించుకుంటే మంచిది. వైరు కుదరకపోతే ట్రైబ్యాండ్ రకం నయం. అందులో ఒక బ్యాండును పెట్టెల మాటలకే కేటాయించవచ్చు. డ్యూయల్ బ్యాండులో ఫోన్లూ పెట్టెలూ ఒకే దారి పంచుకోవాలి కాబట్టి వేగం తగ్గుతుంది.

రెండో పెట్టెని సిగ్నల్ రాని గదిలో పెట్టడం చాలామంది చేసే పొరపాటు. దానికే అందనిది అదేం పంచుతుంది? సగం దారిలో, మెట్ల దగ్గర పెడితే పైకీ అందుతుంది.

పరికరాలు ఎక్కువుంటే వైఫై 6 తీసుకోవడం మేలు. ఒకేసారి పలు పరికరాలకు డేటా అందించే ఏర్పాటు అందులో ఉంది. 2024లో వచ్చిన వైఫై 7కి ఎక్కువ ధర పెట్టేముందు ఇంట్లో ఫోన్లు దాన్ని అందుకోగలవో లేదో చూసుకోవాలి. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. దాన్ని విడిగా పెట్టుకునే వీలుంటే వాటిని కలపడం తేలిక. బల్బులూ కెమెరాలకు గెస్ట్ నెట్‌వర్క్ ఇస్తే వాటిలో ఏదైనా హ్యాకర్ల చేతికి చిక్కినా ల్యాప్‌టాప్‌ల జోలికి రావడం కష్టమవుతుంది. టీవీలాంటి కదలని వస్తువులకు నేరుగా వైరు ఇస్తే మిగతావాటికి వైఫై ఖాళీ అవుతుంది.

ఇక కరెంటు సంగతి. రూటరుకి ఒక్కదానికే యూపీఎస్ పెడితే సరిపోదు. కరెంటు పోగానే మేడమీది పెట్టె ఆగిపోతుంది, దాని మీద ఆధారపడ్డ కెమెరా కూడా! నెట్ కంపెనీ పెట్టెతోపాటు మెష్ పెట్టెలన్నిటికీ, కెమెరాకీ బ్యాటరీ ఆసరా ఉండాలి. ఆ ఖర్చూ కలుపుకునే బడ్జెట్ వేసుకోవాలి.