లాంగ్‌టర్మ్‌కు వెళ్లే బిడ్డకు ఏడాది పొడవునా తోడు

ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైనా నీట్‌లో సీటు అందని పిల్లలు మన మొహల్లాల్లో ఏటా కనిపిస్తారు. ఇంకో ఏడాది చదివి మళ్లీ రాస్తామంటారు. దీన్నే లాంగ్‌టర్మ్ అంటున్నాం. ఇందుకోసం చిన్న ఊళ్ల పిల్లలు విజయవాడకో, గుంటూరుకో, హైదరాబాద్‌కో వెళ్లి హాస్టల్లో ఉండాలి. మన దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ముందుగా అడిగేది కోచింగ్ ఫీజు. ఫీజు కట్టేస్తే మన బాధ్యత తీరినట్టు కాదు. ఆ ఏడాది ఎలా సాగుతుందో దాతలకు తెలిస్తే ఇచ్చిన ప్రతి రూపాయీ పనికొస్తుంది.

ఎవరిని పంపాలి?

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. బోటనీ, జువాలజీ కలిపి 90 ప్రశ్నలు, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. ఒప్పుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు 1 మార్కు పోతుంది. బయాలజీ బాగా చేసి ఫిజిక్స్‌లో వెనకబడిన అమ్మాయికి ఒక ఏడాది సాధన నిజంగా అక్కరకొస్తుంది. మూడింటిలోనూ పునాది లేని పిల్లకు అదే ఏడాది బరువవుతుంది. కాబట్టి దరఖాస్తుతోపాటు మొదటి నీట్ స్కోర్‌కార్డు తెప్పించి, సబ్జెక్టులవారీగా చూడాలి. డాక్టర్ కావాలన్న కోరిక తనదో, ఇంట్లోవాళ్లదో బిడ్డను విడిగా అడగాలి. మధ్యలో సంబంధం కుదిరిందని చదువు మాన్పించబోమని తల్లిదండ్రుల దగ్గర ముందే మాట తీసుకోవాలి.

ఇల్లు విడిచాక

మొదటి రెండు నెలలే కష్టం. ఆదోని నుంచి విజయవాడ వెళ్లిన పిల్ల, అమ్మ మీద బెంగతో వారానికోసారి ఇంటికి రాలేదు. అన్నం సయించదు. వారం వారం పరీక్షల్లో మార్కులు తగ్గితే నలుగురిలో చిన్నతనంగా ఉంటుంది. ఇక్కడే కొందరు పెట్టె సర్దుకుని వచ్చేస్తారు. అప్పటికి ఫీజు కట్టేసి ఉంటాం. అదే ఊళ్లో ఉన్న మనవాళ్ల కుటుంబం ఒకటి ఆదివారం వెళ్లి పలకరిస్తే, పండగకు ఇంటికి పిలిచి భోజనం పెడితే ఆ పిల్ల నిలబడుతుంది. దీనికి డబ్బు కంటే మనుషులు కావాలి.

ఇటీవలి ఏళ్లలో నీట్ మే తొలి ఆదివారం జరుగుతోంది. రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. అంటే రివిజన్, గ్రాండ్ టెస్టులు జోరుగా సాగే రోజులే. హాస్టల్ మెస్‌లో సహరీ వేళకు అన్నం దొరకకపోతే, పిల్లలు మంచినీళ్లు తాగి రోజా ఉంటారు. మేనేజ్‌మెంట్‌తో ముందే మాట్లాడి సహరీ, ఇఫ్తార్ ఏర్పాటు చేయించడం మన సొసైటీ చేయగలిగిన పని.

పరీక్ష తర్వాత

ఫలితాలతో పని అయిపోదు. కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్, వెబ్ ఆప్షన్లు, సర్టిఫికెట్ల పరిశీలన ఉంటాయి. జాబితాలోని ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 2007 చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు ముందే సిద్ధంగా ఉండాలి. చేతిలో కాగితం లేక ర్యాంకు ఉన్న బిడ్డ వెనకబడకూడదు.

ఎంబీబీఎస్ రాకపోయినా దారులు మూసుకుపోవు. బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో, యునానీ సీట్లకూ నీట్ స్కోరే ఆధారం. చార్మినార్ దగ్గరి నిజామియా తిబ్బీ కాలేజీలో యునానీ చదువు ఉంది. ఈ మాట బిడ్డకు పరీక్షకు ముందే చెబితే గుండె మీద బరువు తగ్గుతుంది.

దాతలకు మనవి

పదిమందికి తలా కొంత ఇస్తే పదిమందీ మధ్యలో ఆగిపోవచ్చు. ఒక్కరినే తీసుకున్నా కోచింగ్ ఫీజు, హాస్టల్, పుస్తకాలు, దారిఖర్చులు, పరీక్ష ఫీజు, కౌన్సెలింగ్ ఖర్చు వరకు మొత్తం భరించండి. ఇచ్చేది జకాత్ సొమ్మైతే విద్యార్థి అర్హతను, ఖర్చు పెట్టే పద్ధతిని ఉలమాలను అడిగి తేల్చుకుందాం. డబ్బు ఇవ్వలేనివారు ఆ ఊళ్లో ఉంటే, నెలకో ఆదివారం ఇవ్వండి. అల్లాహ్ మన అందరి ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.