పాపాయి అలిగిందట!

కాళ్లు చాపుకుని కూర్చున్న అమ్మమ్మ రెండు నెలల మనవరాలికి లాల పోస్తోంది. పిల్ల ఉన్నట్టుండి మూతి బిగించి మొహం పక్కకు తిప్పేసింది. 'నీళ్లు వేడిగా ఉన్నట్టున్నాయి, దీనికి కోపమొచ్చింది' అంది అమ్మమ్మ. 'వాళ్ల నాన్న ఊరెళ్లాడుగా, అలిగింది' అంది మేనత్త. 'దిష్టి తగిలుంటుంది' అని పక్కింటావిడ తేల్చేసింది. మూతి ముడిచింది ఒక్కసారే, తీర్పులు మాత్రం మూడు.

పసిపిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఇదే తంతు. నిద్రలో పెదవి విచ్చుకుంటే దేవుడు నవ్విస్తున్నాడంటాం. కొత్తగా పుట్టిన పిల్లల నిద్రలో కనిపించే ఆ నవ్వు ఎవరినీ చూసి నవ్వేది కాదు. ఎదుటి మొహం చూసి నవ్వడం మొదలయ్యేది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య.

మన ఊహల్లో బిడ్డ పాలెంత, మన పాలెంత? అమెరికాలో జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ 1976లో ప్రచురించిన ప్రయోగం ఈ గుట్టు విప్పింది. తొమ్మిది నెలల బిడ్డ ముందు మూత తెరుచుకుని బొమ్మ ఎగిరే పెట్టె పెట్టారు. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. ఆ వీడియోను 204 మందికి చూపించి, సగం మందికి మగపిల్లాడని, మిగతా సగానికి ఆడపిల్లని చెప్పారు. మగపిల్లాడనుకున్నవాళ్లకు ఆ ఏడుపులో కోపం ఎక్కువ కనిపించింది, ఆడపిల్లనుకున్నవాళ్లకు భయం ఎక్కువ కనిపించింది. బిడ్డ అదే, ఏడుపూ అదే.

అలాగని ఊహించడం మానేయాలా? అక్కర్లేదు. ఇంగ్లండుకు చెందిన మనస్తత్వవేత్త ఎలిజబెత్ మైన్స్ బృందం ఆరు నెలల పిల్లలతో ఆడుకుంటున్న తల్లుల మాటలను పట్టిపట్టి విని, 2001లో ఫలితాలు ప్రచురించింది. బిడ్డ కళ్లప్పగించి బంతినే చూస్తుంటే 'బంతి నచ్చిందా?' అనడం ఒక తీరు. హాయిగా ఆడుకుంటున్న బిడ్డను పట్టుకుని 'విసుగొచ్చిందా?' అనడం ఇంకో తీరు, అది తల్లి సొంత కవిత్వం. బిడ్డ తీరుకు అతికే మాటలు ఎక్కువగా అన్న తల్లుల పిల్లల్లో, ఏడాది వయసుకు తల్లి దగ్గర భద్రంగా ఉన్నామన్న భరోసా ఎక్కువగా కనిపించింది. అంతా మాటల మహిమేనని దీన్నిబట్టి చెప్పలేం. కానీ ఊహించాక మళ్లీ బిడ్డ వైపు చూసి సరిచూసుకునే అలవాటు మంచిదని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ అలవాటు లేకపోతే బాధపడేది ముందుగా తల్లే. చాలామంది పిల్లలు సాయంత్రాలు కారణం కనబడకుండా గుక్కపెడతారు. ఆరు వారాలప్పుడు అది బాగా ముదిరి, మూడు నాలుగు నెలలకు సద్దుమణుగుతుంది. ఈలోగా 'నీ పాలు చాలట్లేదు' అని ఒకరంటారు, 'మొండిఘటం' అని ఇంకొకరు బిడ్డకు పేరు పెట్టేస్తారు. వీటికన్నా ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసే ముసలమ్మే నయం, నేరం తల్లి మీదా పిల్ల మీదా కాకుండా ఊరివాళ్ల కళ్ల మీద వేస్తుంది! అయితే మూడు నెలల్లోపు బిడ్డ ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే దిష్టి సంగతి తర్వాత, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇక కొన్ని మాటలకు పిల్ల మనసుతో నిమిత్తమే ఉండదు. 'నాన్నా, ఈ రాత్రికి నువ్వు లేవవా? అమ్మ నిద్రపోయి ఎన్నాళ్లయిందో' అని ఉయ్యాల పక్కనుంచి ముద్దుముద్దుగా వినిపిస్తే, అన్నది ఎవరో ఆ నాన్నకు ఇట్టే తెలిసిపోతుంది.