అడవి మంట మీదికి విమానం: కోరాపుట్ కొండల్లో సాధ్యాసాధ్యాలు

అడవి మంట మీద ఆకాశం నుంచి నీరు పోసే యంత్రాల్లో జల విమానాలది ఒక దారి. కెనడాలో రూపొందిన సీఎల్-415 సరస్సు మీద ఆగదు. నీటి పైభాగాన్ని ఒరుసుకుంటూ పోతూనే సుమారు 12 సెకన్లలో 6,137 లీటర్లు నింపుకుని లేస్తుంది. దాని ముందుతరం సీఎల్-215 తొలిసారి ఎగిరింది 1967లో. అమెరికాలో డీసీ-10 వంటి ప్రయాణికుల విమానాలనే ట్యాంకర్లుగా మార్చుకున్నారు. అది ఒక విడతలో దాదాపు 35,000 లీటర్ల ఎర్రటి ద్రవం వదులుతుంది. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. పైలట్‌కు ఎక్కడ పడిందో కనబడటానికే దాన్ని కలుపుతారు. మంటను అడ్డుకునేది అందులోని అమ్మోనియం ఫాస్ఫేట్. దాన్ని చల్లేది మంట మీద కాదు, మంట రాబోయే దారిలోని గడ్డి మీద, పొదల మీద.

భారతదేశంలో ఈ పని ఎక్కువగా వైమానిక దళం హెలికాప్టర్లదే. ఎంఐ-17వీ5 కింద తీగకు వేలాడే మడత సంచిని బాంబీ బకెట్ అంటారు. చెరువులో ముంచి తీస్తే సుమారు 3,500 లీటర్లు వస్తాయి. మంట మీదికి చేరాక పైలట్ మీట నొక్కితే అడుగు తెరుచుకుంటుంది. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు ఈ బకెట్లతోనే నీళ్లు పోశారు. 2019లో బందీపూర్‌లోనూ ఇవే దిగాయి. 2024లో నైనితాల్ అడవుల కోసం భీమ్‌తాల్ సరస్సు నీరు ముంచుకున్నారు.

ఒడిశా మంటల లెక్క చిన్నది కాదు. 2020 నవంబరు నుంచి 2021 జూన్ వరకు ఉపగ్రహాలు ఆ రాష్ట్రంలో 51,968 అగ్ని సంకేతాలు పట్టాయి. దేశంలో అదే అత్యధికం. కోరాపుట్, రాయగడ కొండల్లో నిప్పు చాలావరకు మనుషుల పనుల నుంచే పుడుతుంది. పోడు కోసం నరికి ఎండబెట్టిన కంపను కాలుస్తారు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెడతారు. తునికి పొదలు కొత్త చిగుర్లు వేయాలని కాల్చే అలవాటూ ఉంది. ఇలా పుట్టిన మంట సాధారణంగా కొమ్మలకెక్కదు, ఆకుల పరుపు మీద సన్నని గీతలా పాకుతుంది. పైగా ఒకే రోజు వేర్వేరు కొండల మీద పదిచోట్ల లేస్తుంది. కాలిఫోర్నియాలో కిలోమీటర్ల కొద్దీ సాగే అగ్నిగోడకు తయారుచేసిన విమానానికి ఇక్కడ గురి దొరకడమే కష్టం.

నీటికి మాత్రం కొరత లేదు. కోరాపుట్ దగ్గర ఎగువ కొలాబ్ జలాశయం, మాచ్‌ఖండ్ నది మీద జలాపుట్ ఉన్నాయి. అయితే రాయగడ వైపు నాగావళి వేసవిలో సన్నబడుతుంది. బకెట్ మునగాలంటే లోతైన మడుగు వెతకాలి. మరో చిక్కు గాలిది. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. ఏప్రిల్ ఎండకు ఇంత ఎత్తులో గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది. అందుకే బకెట్‌ను పూర్తిగా నింపకుండా ఎత్తాల్సి రావచ్చు. పది నిమిషాలకొక విడత చొప్పున నిండు బకెట్ తెచ్చినా గంటకు 21,000 లీటర్లే. జలాశయం దూరమయ్యేకొద్దీ ఆ లెక్క తగ్గుతుంది. మరీ ఎత్తు నుంచి వదిలితే నీరు తుంపరై పోతుంది. మరీ కిందికి దిగితే రెక్కల గాలే మంటను రాజేస్తుంది.

ఇదే కోరాపుట్ జిల్లా సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం 1960ల నుంచీ ఉంది. మిగ్-21 నుంచి సుఖోయ్-30 దాకా యుద్ధ విమానాల ఇంజన్లు అక్కడ తయారయ్యాయి. జయపురం విమానాశ్రయానికి 2022లో తొమ్మిది సీట్ల చిన్న విమానం రావడం మొదలైంది. అయినా ఈ కొండల్లో మంటలతో రోజూ పోరాడేది నేల మీది మనుషులే. వేసవికి ముందే అగ్నిరేఖలు గీసి ఆకులు తొలగిస్తారు. ఉపగ్రహం సంకేతం పంపగానే, ఆకులు ఊదే యంత్రాలు భుజాన వేసుకుని అటవీ సిబ్బంది, వన సురక్షా సమితుల సభ్యులు బయలుదేరతారు. ఆ సంకేతంలో ఒక్కో చుక్క 375 మీటర్ల గడి. దాని లోపల మంట సరిగ్గా ఎక్కడుందో కళ్లతో చూసి తేల్చుకోవాల్సిందే.

హెలికాప్టర్ వస్తే అసలు ఉపయోగం మనిషి ఎక్కలేని నిటారు వాలుల మీద, గాలి తోడై మంట ఊరివైపు మళ్లినప్పుడు. అప్పుడైనా అది మంట వేగాన్ని తగ్గించి కింది బృందానికి వ్యవధి ఇస్తుంది. తడిసిన బూడిద కింద నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. మొద్దులను తిరగేసి, మట్టి కప్పి ఆర్పేదాకా ఆ బృందం అక్కడే ఉండాలి.