గాదంకి రాడార్: చినుకు వేగాన్ని పట్టిన యంత్రం

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, పాకాల మండలంలోని గాదంకి వద్ద, 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మైదానంలో 1024 యాంటెన్నాలు వరుసలు తీరి నింగికి ఎదురుగా నిలిచి ఉన్నాయి. మీసో, స్ట్రాటో, ట్రోపో ఆవరణాల తొలి అక్షరాలతో ఎం.ఎస్.టి. రాడార్ అని పేరు పొందిన ఈ యంత్రాన్ని సమీర్ సంస్థ రూపొందించింది. దీని చుట్టూ 1992లో ఏర్పడిన జాతీయ కేంద్రమే 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా మారింది. గాలి కదలికలను చదవడం దీని అసలు పని అయినా, నింగి నుంచి రాలే చినుకు పరిమాణాన్ని నేలమీది నుంచే అంచనా వేయగలగడం దీని విద్యల్లోకెల్లా సున్నితమైనదని చెప్పాలి.

ఆ విద్యకు ఆధారం గాలి చూపే నిరోధం. ద్రవంలో గాని వాయువులో గాని ఒక పొర జరిగినప్పుడు పక్క పొరను కొంత వెంట లాగే గుణాన్ని స్నిగ్ధత అంటారు. ఆముదంలో కంటికి కనబడే ఈ గుణం గాలిలోనూ స్వల్పంగా ఉంది. మెల్లగా కదిలే చిన్న గోళంపై స్నిగ్ధత వల్ల కలిగే నిరోధం దాని వ్యాసార్ధంతోను, వేగంతోను సమంగా పెరుగుతుందని 1851లో స్టోక్స్ నిరూపించాడు. బరువు మాత్రం వ్యాసార్ధపు ఘనంతో పెరుగుతుంది కనుక, ఆ రెండూ సరితూగి వేగం ఇక పెరగకుండా నిలిచే స్థాయి, అంటే చరమ వేగం, వ్యాసార్ధపు వర్గాన్ని అనుసరిస్తుంది. మిల్లీమీటరులో యాభయ్యో వంతు వ్యాసం గల మేఘబిందువు సెకనుకు సుమారు 1.2 సెంటీమీటర్లే దిగుతుంది; కదలని గాలిలో కిలోమీటరు దిగడానికి దానికి దాదాపు ఒక పగలూ రాత్రీ పడుతుంది.

మిల్లీమీటరు వ్యాసం గల చినుకు స్టోక్స్ సూత్రం ప్రకారమైతే సెకనుకు 30 మీటర్ల వేగంతో పడాలి, కాని నిజంగా పడేది 4 మీటర్ల వేగంతోనే. ఆ పరిమాణంలో స్నిగ్ధత కంటే గాలి జడత్వానిదే పైచేయి అయి, చినుకు వెనుక సుడులు పుట్టి నిరోధాన్ని ఎన్నో రెట్లు పెంచుతాయి. అయిదు మిల్లీమీటర్ల చినుకు అడుగున చదునై, సెకనుకు 9 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఈ వేగాలను అమెరికాలో గన్, కింజర్ అనే శాస్త్రవేత్తలు కొలిచి 1949లో పట్టికగా ప్రకటించారు.

గాదంకి రాడార్ పంపే తరంగం పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్. సెకనుకు 5 మీటర్ల వేగంతో దిగే చినుకును తాకి తిరిగివచ్చేసరికి, సెకనుకు 5 కోట్ల 30 లక్షల కంపనాలలో రెండైనా నిండని మార్పు వస్తుంది; దాన్ని పట్టడమే మొదటి కష్టం. రెండో కష్టం ఇంకా పెద్దది: ఆ చినుకు ఉన్న గాలే 3 మీటర్ల వేగంతో పైకి లేస్తుంటే, రాడార్‌కు కనబడే వేగం 2 మీటర్లే. తరంగదైర్ఘ్యం తక్కువగా ఉండే రాడార్లు వానలో చినుకులను మాత్రమే చూడగలవు కనుక గాలి వాటా ఎంతో చెప్పలేవు. దాదాపు 5.7 మీటర్ల తరంగదైర్ఘ్యం గల గాదంకి రాడార్‌కు గాలి సుడుల నుంచి ఒకటి, చినుకుల నుంచి ఒకటి, రెండు ప్రతిధ్వనులు వేర్వేరుగా అందుతాయి. మొదటిది గాలి వేగం. దాన్ని రెండోదాని నుంచి తీసివేస్తే మిగిలేది నిశ్చలమైన గాలిలో చినుకు పడే వేగం. ఎత్తున గాలి పలుచబడి వేగం పెరుగుతుంది కనుక ఆ మేరకు సవరించి చూస్తే, ఆ వేగమే చినుకు పరిమాణాన్ని చెబుతుంది.

గాదంకిలో రాడార్లతోపాటు, నేలమీద చినుకులను లెక్కించే డిస్‌డ్రోమీటరుతో చేసిన పరిశీలనల్లో ఒక తేడా బయటపడింది. వాన తీవ్రత ఒకటే అయినా, నైరుతి కాలపు వానలో పెద్ద చినుకులు ఎక్కువ, ఈశాన్య కాలపు వానలో చిన్న చినుకులు ఎక్కువ. నైరుతి నెలల్లో బలంగా పైకి లేచే గాలి, చరమ వేగం తక్కువగా ఉన్న చిన్న చినుకులను మేఘంలోనే ఆపివేస్తుంది; తప్పించుకున్నవి కూడా నిరోధం వల్ల తీరిగ్గా దిగుతూ, మేఘం కింది వేడి గాలిలో నేలను చేరకముందే ఆవిరైపోతాయి.