స్లిప్పర్ ఆర్కిడ్ సంకరాలు: నామం, జనకత్వం

సంకర స్లిప్పర్ ఆర్కిడ్ పేరు పువ్వు రూపాన్ని కాక వంశాన్ని సూచిస్తుంది. ఇంగ్లండులోని వీచ్ నర్సరీలో జాన్ డొమినీ రూపొందించిన తొలి సంకరం 1869లో వెలుగుచూసింది. పాఫియోపెడిలం విల్లోసం, పాఫియోపెడిలం బార్బేటం జాతుల సంతానమైన దీనికి, డొమినీకి సంకరణ మార్గాన్ని సూచించిన వైద్యుడు జాన్ హారిస్ పేరిట 'హారిసియానం' అనే నామం ఏర్పడింది. ఈ రెండు జాతులను ఎవరు సంకరపరచినా, వాటిలో ఏది విత్తన జనకమైనా, సంతానమంతటికీ అదే పేరు వర్తిస్తుంది. ఇటువంటి సామూహిక నామాన్ని 'గ్రెక్స్' అంటారు. సంతానంలో ఎంపిక చేసిన ఒక మొక్కకు అదనంగా సాగురకం పేరు చేరవచ్చు.

పాత పత్రాలు హారిసియానాన్ని సైప్రిపీడియం ప్రజాతిలో చూపుతాయి. ప్రజాతి మారినా జనకత్వం మారదు కనుక ఈ చిక్కు తేలికగానే వీడుతుంది. జనక జాతినే విభజించినప్పుడు సమస్య జటిలమవుతుంది. ఫ్రాగ్మిపీడియం బెస్సియేను 1981లో వర్ణించారు. దానికి సన్నిహితమైన డాలెస్సాండ్రోయిని 1996లో వేరు జాతిగా ప్రకటించారు. బెస్సియే, ష్లిమియై జాతుల సంకరమైన హాన్నె పోపోవ్ 1991 నాటికే నమోదైంది. కాబట్టి ఆనాటి మొక్క జనకం నిజానికి డాలెస్సాండ్రోయి అయితే, రెండింటినీ వేరు జాతులుగా అంగీకరించేవారి దృష్టిలో ఆ పేరు దానికి చెల్లదు.

1961 నుండి ఆర్కిడ్ సంకరాల అంతర్జాతీయ నమోదును రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నిర్వహిస్తోంది. అయితే నమోదు పట్టిక ప్రకటిత జనకత్వాన్ని మాత్రమే తెలుపుతుంది. చేతిలోని మొక్క అదేనని నిర్ధారించవలసింది పరిశీలకుడే.