బూడిద దిబ్బల వయసు ఎలా తేల్చారు?

పాత మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లోనూ, పక్కనున్న బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లోనూ పొలాల నడుమ అక్కడక్కడ బూడిద రంగు దిబ్బలు కనిపిస్తాయి. దక్కన్‌లో ఇలాంటివి 100కు పైగా ఉన్నట్టు గుర్తించారు. హంపి దగ్గరి నింబాపురం దిబ్బను స్థానికులు వాలి చితాభస్మం అంటారు. 19వ శతాబ్దపు ఆంగ్లేయ అధికారుల్లో కొందరు వీటిని అగ్నిపర్వతాల పనే అనుకున్నారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ మాత్రం ఇది కాలిన పేడ అన్నాడు.

ఆయన మాటే నిలిచింది. 1957లో రేమండ్ ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో దిబ్బను తవ్వాడు. బూడిద పొరల మధ్య తాటి మొద్దులు పాతిన గుంతల వరుసలు బయటపడ్డాయి. వాటితోపాటు పశువుల గిట్టల ముద్రలు కూడా చెక్కుచెదరకుండా దొరికాయి. అది ఒకప్పటి పశువుల దొడ్డి. పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చారు. ఫ్రెడరిక్ జాయినర్ ఆ బూడిదను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, పశువులు మేసిన గడ్డిలోని ఇసుక కణాల వంటి సిలికా ఆనవాళ్లను చూపించాడు.

దిబ్బ ఏమిటో తెలిసింది. ఇక అది ఎన్నేళ్లదన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు రాబట్టడానికి వాడే అంకెలను ఒక్కొక్కటిగా చూద్దాం.

2,000 ఏళ్ల తేడా

1947లో మోర్టిమర్ వీలర్ చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో తవ్వకం జరిపాడు. పై పొరల్లో ఒక రకం నునుపైన గీతల కుండలు దొరికాయి. అవే కుండలు అంతకు రెండేళ్ల ముందు పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రోమన్ సామగ్రితో కలిసి దొరికాయి కాబట్టి ఆ పొరకు క్రీ.శ. 1వ శతాబ్దం ఖాయమైంది. అక్కడి నుంచి కిందికి పొరల మందాన్ని బట్టి వెనక్కి లెక్కకట్టి, అడుగున ఉన్న రాతి గొడ్డళ్ల సంస్కృతి (బూడిద దిబ్బలదీ ఇదే నవీన శిలాయుగం) క్రీ.పూ. 1000 ప్రాంతంలో మొదలైందని వీలర్ అంచనా వేశాడు.

పొరల వరుస విషయంలో ఆయన లెక్క సరిపోయింది, సంవత్సరాల్లో సరిపోలేదు. రేడియోకార్బన్ పరీక్షలు వచ్చాక దక్షిణాది నవీన శిలాయుగం ఆరంభం క్రీ.పూ. 3000 ప్రాంతానికి జరిగింది. ఏది ముందు, ఏది వెనక అన్నది పొర చెబుతుంది. ఎంత ముందో చెప్పాలంటే మరో కొలత కావాలి.

5 మీటర్ల చదరం

తవ్వకం మొదలుపెట్టే ముందు స్థలమంతా చదరాలుగా గీస్తారు. ఒక్కో చదరం 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు అనుకుందాం. చదరానికీ చదరానికీ మధ్య మీటరు వెడల్పు గట్టు వదిలితే తవ్వేది 4 × 4 మీటర్లే. అంటే 25 చదరపు మీటర్లలో 16. మిగిలిన 36 శాతం నేలను కావాలనే ముట్టుకోరు. గట్టు నిలువు గోడ మీద పొరలన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి, ఏ గుంత ఏ పొరను కోసుకుని దిగిందో అక్కడే తేలుతుంది.

దొరికిన ప్రతి ముఖ్యమైన వస్తువుకూ మూడు కొలతలు రాస్తారు: తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత, లోతు ఎంత. ఈ మూడూ లేని రాతి గొడ్డలి అద్దాల పెట్టెలో అందంగానే ఉంటుంది కానీ చరిత్రకు సాక్ష్యంగా పనికిరాదు.

1,600 లీటర్లలో 40

ఆ 4 × 4 మీటర్ల కందకంలో 10 సెంటీమీటర్లు దిగితే వచ్చే మట్టి 1,600 లీటర్లు. దాన్నంతా జల్లెడ పట్టొచ్చు. కానీ మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల గింజలు జల్లెడలో నిలవవు. అందుకని ప్రతి పొర నుంచీ కొంత మట్టి, ఉదాహరణకు 40 లీటర్లు, అంటే 2.5 శాతం, విడిగా తీసి నీళ్లలో కలుపుతారు. బియ్యం కడిగితే పొట్టు పైకొచ్చినట్టు మాడిన గింజలు పైకి తేలతాయి. ఆ నీటిని సన్నని వలగుడ్డలోకి ఒంపి, గుడ్డను నీడలో ఆరబెడతారు. ఆ తర్వాత ప్రయోగశాలలో గింజ గింజనూ గుర్తుపట్టి లెక్కపెడతారు.

డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు కడప జిల్లా హనుమంతరావుపేట నుంచి బళ్లారి దగ్గరి సంగనకల్లు దాకా ఇలాగే మట్టి కడిగించారు. 2004లో వెలువడిన వారి ఫలితాల్లో నాలుగు పంటలు పదే పదే కనిపించాయి: అండుకొర్రలు, కొర్ర జాతికే చెందిన ఒక చిరుధాన్యం, పెసలు, ఉలవలు. వరి, జొన్న ఇక్కడి తొలి సేద్యానికి ఆధారం కాదు. గోధుమ, బార్లీ ఉత్తరం నుంచి తర్వాత వచ్చాయి. పశువులు కాసుకునేవాళ్లు తప్ప ఇక్కడ సేద్యగాళ్లు లేరన్న పాత అభిప్రాయాన్ని మార్చింది ఈ గింజలే.

60 ఎముకలు, 4 పశువులు

పశువుల లెక్క మరో తీరు. 60 ఎముకలు దొరికితే 60 పశువులని కాదు. వాటిలో ఎడమ ముంగాలి ఎముక ఒకే రకానిది 4 సార్లు వస్తే కనీసం 4 పశువులున్నట్టు. పళ్ల అరుగుదలను బట్టి అవి ఏ ఈడులో చచ్చాయో అంచనా కడతారు. లేత వయసులోనే ఎక్కువ కోశారా, ముదిరేదాకా పాలకూ పనికీ ఉంచుకున్నారా అన్నది ఆ వయసుల వరుసలో కనిపిస్తుంది. కె. పద్దయ్య కర్ణాటకలోని బుదిహాళ్‌లో పశువులను కోసిన చోటునే గుర్తించారు. దిబ్బ పక్కనే నివాసాలు ఉన్నాయని, అది ఒట్టి దొడ్డి కాదు, ఊరని ఆయన తవ్వకం చూపించింది.

5,730

ఇక సంవత్సరాల సంగతి. గాలిలోని కార్బన్‌లో లక్ష కోట్ల పరమాణువులకు దాదాపు ఒకటి రేడియోకార్బన్. చెట్టు, పశువు, మనిషి బతికున్నంతకాలం ఆ పాళ్లు ఒంట్లో నిలుస్తాయి. చనిపోయాక కొత్తది చేరదు, ఉన్నది 5,730 ఏళ్లకు సగమవుతుంది. 11,460 ఏళ్లకు పావు మిగులుతుంది. 4,500 ఏళ్ల గింజలో 58 శాతం ఉంటుంది. 50,000 ఏళ్లు దాటితే కొలవడానికి ఇంచుమించు ఏమీ ఉండదు. ఈ పద్ధతిని 1949లో ప్రకటించిన విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రయోగశాల నుంచి జవాబు '4100 ± 30' అని, అంటే ఇప్పటికి అన్నేళ్ల కిందటిదని వస్తుంది. ఇక్కడ 'ఇప్పుడు' అంటే 1950. నేరుగా తీసివేస్తే క్రీ.పూ. 2150 అవుతుంది, కానీ అది సరికాదు. గాలిలో రేడియోకార్బన్ అన్ని కాలాల్లో ఒకేలా లేదు. చెట్ల వలయాలను ఏడాదికొకటిగా లెక్కించి తయారుచేసిన పట్టికతో సరిచూస్తే అదే అంకె సుమారు క్రీ.పూ. 2850–2500 మధ్యకు వెళ్తుంది. కాబట్టి పత్రికలో ఒకే ఒక సంవత్సరం రాస్తే అనుమానించండి. నిజాయితీ గల తేదీ ఎప్పుడూ ఒక వ్యవధిగానే ఉంటుంది.

1 శాతం మలినం

4,500 ఏళ్ల నమూనాలో ఈ కాలపు కార్బన్ 1 శాతం కలిస్తే వయసు 60 ఏళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది. నమూనా 40,000 ఏళ్లదైతే అదే 1 శాతం దాన్ని 33,000 ఏళ్ల పైచిలుకుకు దించేస్తుంది. అందుకే వేళ్లు పాకిన మట్టి, ఎలకల బొరియ తగిలిన మట్టి పక్కన పెడతారు. బొగ్గు కన్నా గింజను ఎంచుకోవడానికీ కారణముంది. 200 ఏళ్ల చెట్టు నడిమి బొగ్గు మంట పెట్టిన రోజు కన్నా 200 ఏళ్లు పాతదిగా తేలుతుంది. ఉలవగింజ వయసు ఒక్క పంటకాలం. దానిలో పొరపాటుకు చోటు తక్కువ.

2,800 లీటర్ల నష్టం

ఈ లెక్కలన్నీ కదలని నేల మీద ఆధారపడ్డాయి. బూడిద పొలానికి ఎరువు కాబట్టి చాలా దిబ్బలను బండ్లతో తోలేశారు. సంగనకల్లు కొండలకు గ్రానైటు క్వారీల బెడద వచ్చింది. 100 ఘనపుటడుగుల ట్రాక్టర్ ట్రాలీలో పట్టే మట్టి దాదాపు 2,800 లీటర్లు. పరిశోధకులు రోజుల తరబడి గీసి, కొలిచి, కడిగి చదివే పొర కన్నా ఎక్కువ మట్టి ఒక్క తోలకంలో పోతుంది. కేంద్ర రక్షిత స్థలాల చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. జాబితాకెక్కని దిబ్బకు ఆ కాపలా లేదు.

దాన్ని కాపాడగలిగేది ఆ ఊరివాళ్లే. మీ పొలంలో బూడిద పొరో, రాతి గొడ్డలో, పాత పెంకులో కనబడితే తవ్వకండి, తీయకండి. ఉన్నచోటే ఫొటో తీసి, సర్వే నంబరు రాసి తహసీల్దారుకు గానీ రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ తెలియజేయండి. మన జిల్లాల తొలి రైతుల గురించి తెలిసిందంతా అలా కదలకుండా మిగిలిన మట్టి నుంచే వచ్చింది, ఇంకా తెలియాల్సిందీ అక్కడి నుంచే రావాలి.